షీటు మీద లేచిన దిబ్బ

మా పేటలో చావాలనుకున్నవాళ్ళు ఎండాకాలంలో చావాలి. ఎగతాళికి అంటున్న మాట కాదు. రాజోలు దాటి సముద్రం వైపు వెళితే, చేలకు దిగువన, మురుగు కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది మా పేట. పేటకు ఇంకా దిగువన సమాధుల దొడ్డి. మా ముత్తాతల కాలంలో పాలేళ్ళు బాప్తిస్మం తీసుకున్నప్పుడు, వాళ్ళ చావులకని ఊరి పెద్దలు ఎవరికీ పనికిరాని ఆ పల్లపు ముక్క వదిలిపెట్టారట. బతకడానికి వదిలిందీ అంతకంటే గొప్పదేమీ కాదు లెండి. వానలు పట్టుకున్నాయంటే ఆ దొడ్డిలో మోకాలి లోతు తవ్వేసరికి నీళ్ళు ఊరతాయి.

అమ్మ ముసురులో పోయింది. డెబ్బైలు సగం దాటిన రోజులవి. నేను అమలాపురంలో మ్యాపులు గీసే కోర్సు చదువుతున్నాను. మగవాళ్ళు గొయ్యిలో నీళ్ళు డబ్బాలతో తోడుతూనే ఉన్నారు, అవి ఊరుతూనే ఉన్నాయి. పాస్టరుగారు గొడుగు కింద ప్రార్థన త్వరగా ముగించి, "దింపేయండయ్యా, ఇంక ఎంత తోడినా ఇంతే" అన్నారు. దింపారు. పెట్టె తేలింది. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేచింది. ఆడవాళ్ళం ఏడుపు మానేసి చూస్తూ ఉండిపోయాం. చివరికి మా నాన్న గొయ్యిలోకి దిగి పెట్టె మీద రెండు కాళ్ళూ వేసి నిలబడ్డాడు. ఆయన అలా నిలబడి ఉండగానే మిగతావాళ్ళు చుట్టూ బురద తోశారు. పెట్టె కదలడం మానేశాక ఆయన్ని చేతులు పట్టుకుని పైకి లాగారు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. నేను నీళ్ళు తెచ్చి ఇస్తే తీసుకోలేదు.

"మీ అమ్మని తొక్కేనమ్మా" అన్నాడు.

చెంబు ఆయన పక్కనే పెట్టాను. ఆయనే మళ్ళీ, "నన్ను మాత్రం పొడి మట్టిలో పెట్టండి. ఎక్కడైనా సరే, పొడిగా ఉంటే చాలు" అన్నాడు.

అది ఆయన ఒక్కడి కోరిక కాదు. దొడ్డి మునిగిపోతోంది, ఇంకెక్కడైనా మెరకలో చోటు ఇప్పించండని పేట పెద్దలు ఆర్డీవో ఆఫీసుకి అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఆఫీసర్లు మారుతూనే ఉన్నారు. అమ్మ పోయాక నాన్న కూడా ఆ పెద్దలతో కలిసి అమలాపురం వెళ్ళి వరండాల్లో నిలబడడం మొదలుపెట్టాడు.

నాన్న చేసేది మురుగు కాలవల సర్వే ఆఫీసులో కలాసీ పని. భూమి ఎక్కడ మెరక, ఎక్కడ పల్లం అని కొలిచేటప్పుడు అంకెలు వేసిన పొడవాటి కర్ర ఒకటి నేల మీద నిలబెట్టి పట్టుకోవాలి. దూరంగా సర్వేయరుగారు దుర్భిణిలోంచి ఆ కర్ర మీద అంకె చూసి రాసుకుంటారు. కర్ర ఒరగకూడదు, కుంగకూడదు. మా నేలలో కుంగకుండా పట్టుకోవడమే అసలు పని. బురద కనబడితే పక్కన ఇటుకో, రాయో, గట్టి మట్టో చూసుకుని దాని మీద పెట్టడం నాన్నకి అలవాటు. ఆయన పట్టిన కర్ర కదలదని సర్వేయర్లు ఆయన్నే అడిగి మరీ తీసుకెళ్ళేవారు.

కోర్సు అయ్యాక నాకూ ఆ ఆఫీసులోనే మ్యాపులు గీసే ట్రేసరుగా ఉద్యోగం వచ్చింది. తండ్రి ఎండలో, కూతురు ఫ్యాను కింద అని బంధువులు ఆట పట్టించేవారు. ఫ్యాను ఉన్న మాట నిజమే గానీ అది తిరిగితే కాయితాలు లేచిపోతాయని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గారు వెయ్యనిచ్చేవారు కాదు. ఆయన పెద్ద కోపిష్టి. నాకూ నోరు తక్కువేం కాదు. మా ఇద్దరికీ మధ్య ఉన్న ఒకే ఒక్క స్నేహం కాయితం మీది గీత.

కాంటూరు గీత అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ మ్యాపు మీద గీసే గీత అది. కొండల దేశంలో అయితే అవి చూడగానే అర్థమైపోతాయి. మా కోనసీమలో కొండ లేదు, గుట్ట లేదు. జానెడు మెరక ఉంటే దిబ్బ, జానెడు పల్లం ఉంటే మునక. సర్వేయరు తెచ్చిన అంకెలన్నీ షీటు మీద చుక్కలుగా పెట్టుకుని, వాటి మధ్యనుంచి అంచనా కట్టి గీతలు తీసుకెళ్ళాలి. మొదట పెన్సిలుతో గీసినప్పుడు గీత కుంటుతూ నడుస్తుంది. తర్వాత వంపు బద్దలు ఆనించి, ఇంకుతో దాన్ని నున్నగా చెయ్యాలి. ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక వంపు బద్ద వదిలిన చోట ఇంకో బద్ద అందుకున్నట్టు తెలియకూడదు. ఇంకు ఒలికితే బ్లేడుతో గీకి, గోరుతో రుద్ది, మళ్ళీ గీయాలి. హెడ్‌గారు నా షీటు ఎత్తి పట్టుకుని వెలుతురులో చూసి ఏమీ అనకపోతే ఆ రోజంతా నాకు పండగే.

మా పేట ఉన్న షీటు నా దగ్గరికే వచ్చింది. కాలవ వెడల్పు చెయ్యడానికి ఆ ప్రాంతమంతా కొత్తగా కొలిచారు. గీతలు లాగుతూ వస్తుంటే, కాలవ పక్కన, చుట్టూ పల్లపు అంకెల మధ్య ఒక్క చుక్క దగ్గర మాత్రం అంకె ఎక్కువగా ఉంది. చుట్టూ ఉన్నవాటికంటే ఒక మెట్టు ఎత్తు. అలాంటి చోట గీత తనలో తాను చుట్టుకుని చిన్న గుండ్రమవుతుంది. దిబ్బ అని అర్థం. చోటు ఏదా అని చూస్తే సమాధుల దొడ్డి. నాకు వింతగానే అనిపించింది. హెడ్‌గారికి చూపించాను.

"సర్వేయరు రాసింది గీయడమే మన పని. మీ పేట కదా అని మీ ఇష్టం వచ్చినట్టు పల్లం చేసేస్తారా?" అన్నారు.

గీశాను. ఇంకు కూడా వేశాను.

ఆ షీటు ఆర్డీవో ఆఫీసుకి చేరిన కొన్నాళ్ళకి పేట అర్జీ తిరిగి వచ్చింది. సదరు శ్మశానం చుట్టుపక్కల భూములకంటే మెరకలో ఉన్నట్టు మ్యాపు వల్ల తెలుస్తోంది గనక వేరే స్థలం అవసరం లేదని రాశారు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఆ కాయితం చదివారు. చదవడం అవగానే వెనక వరసలోంచి ఎవరో, "ఆ మ్యాపు గీసింది మనమ్మాయేనంట కదండీ" అన్నారు. అందరూ తిరిగి చూశారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చూపులు తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అంకె నాది కాదని ఎంతమందికి చెప్పను? చెప్పినా ఎవరికి అర్థమవుతుంది?

ఇంటికి వచ్చి నాన్న మీద విరుచుకుపడ్డాను. "కర్ర పట్టింది నువ్వే కదా! ఆ దొడ్డిలో మెరక ఎక్కడుంది నాన్నా?"

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కొలత చుక్క సరిగ్గా దొడ్డి మధ్యలో పడిందట. చుట్టూ బురద. కర్ర పెడితే దిగబడిపోతుంది. గట్టిగా ఉన్నవి సమాధుల గట్లు మాత్రమే.

"ఒకళ్ళ సమాధి మీద కర్ర ఎలా పెడతానమ్మా? వాళ్ళ పిల్లలు చూస్తే ఏవనుకుంటారు? మీ అమ్మదైతే మనదే కదా. కాళ్ళ దగ్గర ఇటికల గట్టు మీద పెట్టేను. మీ అమ్మ ఏవనుకోదు గదా అని."

మా వైపు సమాధులు ఏటా కుంగిపోతాయి. ఈస్టరు ముందు వాటి మీద మట్టి పోసి, ఇటుకలు లేపి కట్టి, సున్నం వేస్తాం. అమ్మ సమాధికి నాన్న అందరికంటే ఎక్కువ మట్టి మోశాడు, అందరికంటే ఎత్తు గట్టు కట్టాడు. నీళ్ళలో పెట్టానన్న బాధకి అదొక్కటే ఆయనకు తెలిసిన మందు. షీటు మీద నేను గీసిన దిబ్బ అదన్నమాట. దాని మూలంగా పేట మొత్తానికి పొడి నేల లేకుండా పోయింది.

"ఆఫీసులో చెప్పేద్దాం నాన్నా" అన్నాను.

"చెప్తే సర్వేయరుగారికి మాటొస్తాదమ్మా. ఆయనకి ఏం తెలుసు, దూరం నుంచి చూసేరు. నాకూ రిటైరయ్యే ముందు చెడ్డ పేరు. ఇన్నేళ్ళు పట్టిన కర్రలన్నీ అబద్ధాలే అంటారు."

 నేను మరి రెట్టించలేదు. మళ్ళీ కొలవమని హెడ్‌గారిని ఊరికే అడిగి చూశాను. సర్వే పార్టీ వేరే తాలూకాకి వెళ్ళిపోయిందనీ, ఒక్క చుక్క కోసం ఎవరూ రారనీ కసిరారు. ఆ తర్వాత ఏళ్ళలో పేటలో పోయినవాళ్ళందరినీ ఆ నీళ్ళలోనే పెట్టారు. ప్రతి చావుకీ నాన్న వెళ్ళి, అందరికంటే ముందు డబ్బా అందుకుని నీళ్ళు తోడేవాడు. నేను వెళ్ళడం మానేశాను.

ఎనభైలు సగానికి వచ్చేసరికి మా ఆఫీసులోకి కంప్యూటర్ అనే మాట వచ్చింది. మాటే వచ్చింది, మిషను రాలేదు. మిషను కాకినాడలో ఒక కాలేజీలో ఉంది. మన అంకెలన్నీ అక్కడికి పంపిస్తే స్టాటిస్టిక్స్ ప్రోగ్రాం ఏదో నడిపి, గీతలు దానంతట అదే నున్నగా చేసి ఇస్తుందట. హెడ్‌గారికి అది చావు కబురులా వినిపించింది. "గీతకి చెయ్యి ఉండాలమ్మా. మిషను గీతకి ప్రాణం ఏదీ?" అని రోజూ సణిగేవారు. నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. నాకు వచ్చిన ఒక్క విద్యా అదే.

ఆ ప్రాంతం తెలిసినవాళ్ళు ఒకరు వెంట ఉండాలని కాలేజీవాళ్ళు అడిగితే నన్ను పంపించారు. ముక్తేశ్వరం రేవులో గోదారి దాటే పంటు ఎక్కి, కోటిపల్లిలో దిగి, బస్సు పట్టుకుని వెళ్ళాను. కంప్యూటర్ గది బయట చెప్పులు విడవాలి. లోపల చలి. ఒక కుర్ర లెక్చరరుగారు నాకు కుర్చీ చూపించి, తాను స్వెట్టరు వేసుకుని కూర్చున్నాడు. మే నెలలో స్వెట్టరు వేసుకున్న మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

మా అంకెలు అప్పటికే అట్టముక్కల మీద చిల్లులుగా కొట్టించి మిషనుకి తినిపించారు. ఆ ప్రోగ్రాం ఏం చేస్తుందో చెప్పమంటే ఆయన ఓపిగ్గానే చెప్పాడు.

"పెళ్ళి సంబంధం వాకబు చేస్తాం చూడండి, అలాంటిదేనండీ. ఒక చోటు ఎంత ఎత్తో తెలియాలంటే చుట్టుపక్కల చుక్కల్ని అడుగుతుంది. దగ్గరివాళ్ళ మాటకి విలువెక్కువ, దూరంవాళ్ళ మాటకి తక్కువ. అందరూ ఒకటి చెప్తుంటే ఒక్కడు మరీ వేరేగా చెప్పేడనుకోండి, రెండోసారి అడిగినప్పుడు వాడి మాటకి విలువ తగ్గించేస్తుంది."

"ఆ ఒక్కడే నిజం చెప్తుంటేనండీ?"

ఆయన నవ్వాడు. "అప్పుడు మిషను మోసపోతుందండీ. అందుకే గదా మీలాంటివారిని రమ్మన్నది."

ఎంతమంది ఇరుగుపొరుగుని అడగాలన్నది మనం చెప్పాలట. తక్కువమందిని అడిగితే గీత వంకరటింకరగా ఉంటుంది, ఉన్న ప్రతి గతుకూ కనబడుతుంది. ఎక్కువమందిని అడిగితే నున్నబడుతుంది, కాని నిజమైన దిబ్బలు కూడా కరిగిపోతాయి. రెండు రకాలుగానూ నడిపి, పెన్ను పట్టుకున్న ఒక యంత్రం చేత గీయించి నా ముందు పరిచాడు. మొదటిదాంట్లో కాలవ పక్కన నా గుండ్రం అలాగే ఉంది. రెండోదాంట్లో లేదు. అక్కడ గీతలు ఏ అడ్డూ లేనట్టు సాఫీగా కాలవ వైపు వాలిపోతున్నాయి. పేట ఇళ్ళ కోసం మట్టి పోసి లేపిన అసలు దిబ్బ కూడా సగం తరిగిపోయింది.

ఆయన ఆ గుండ్రం మీద పెన్సిలు పెట్టి, "ఈ చుక్కనే మిషను అనుమానిస్తోందండీ. ఇక్కడ నిజంగా మెరక ఉందా?" అని అడిగాడు.

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న ఎవరైనా అడగాలని నేను ఎదురుచూశాను.  ఎదురుగా ఉన్న మనిషి నాకేమీ కాడు, ఇంక ఎప్పుడూ కనబడడు. బహుశా అందుకే చెప్పగలిగాను.

"అది మా అమ్మ సమాధండీ" అన్నాను.

కర్ర సంగతి, బురద సంగతి, అర్జీ సంగతి అన్నీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన పాపం కంగారుపడి, లేచి, మంచినీళ్ళు తెప్పించాడు. నేను నీళ్ళు తాగాక, "అయితే ఈ చుక్క తీసేయమంటారాండీ?" అన్నాడు.

"తీసేయకండి. మీ లెక్కలో దాన్ని ఎంత తగ్గించాలో అంతే తగ్గించండి. పేట దిబ్బ మాత్రం చెడగొట్టకండి. అది నిజం."

ఆయన ఇరుగుపొరుగు సంఖ్య కొంచెం కొంచెం మారుస్తూ మళ్ళీ మళ్ళీ నడిపించాడు. పేట దిబ్బ నిలిచి, గుండ్రం కరిగిన చోట ఆపాం. ఆ కాయితం చేత్తో పట్టుకుంటే, కావాలని చేయించిన పని అయినా, అమ్మని ఇంకోసారి పూడ్చినట్టనిపించింది. తిరుగు ప్రయాణంలో పంటు మీద ఆ చుట్ట తడవకుండా గుండెకి ఆనించుకుని నిలబడ్డాను.

హెడ్‌గారు ముక్కు విరిచారు గానీ అడ్డు చెప్పలేదు. పై ఆఫీసర్లయితే కంప్యూటర్ చెప్పిందంటే ఇంక తిరుగులేదన్నారు. చిత్రమేమిటంటే, మనుషులు ఇన్నేళ్ళు వరండాల్లో నిలబడి చెప్పిన మాటే అది. పేట మళ్ళీ అర్జీ పెట్టింది. ఈసారి మ్యాపులో దొడ్డి పల్లంలో పడింది. రోడ్డుకి అవతల, సరుగుడు తోటల పక్కన ఇసక మెరకలో కొత్త స్థలం ఇస్తూ ఆర్డరు వచ్చింది.

నాన్న అప్పటికి రిటైరయ్యాడు. ఆయాసం పట్టుకుంది, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. అయినా ఆ ఆదివారం ఆరాధనకు వచ్చాడు. పాస్టరుగారు ఆర్డరు చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. చివర ఒక వాక్యం ఉంది. కాలవ వెడల్పు పనుల దృష్ట్యా పాత దొడ్డిలో ఇకమీదట ఎవరినీ భూస్థాపన చెయ్యరాదని. అది ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. నాన్న చప్పట్లు మధ్యలో ఆపేశాడు.

దారిలో ఒక గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ అడిగాడు. "అయితే మీ అమ్మని అక్కడే వదిలేసి నేనొక్కణ్ణీ ఇక్కడికి రావాలా?"

"పొడి మట్టి కావాలన్నావు కదా నాన్నా."

"ఇద్దరికీ అనుకున్నానమ్మా. చోటిస్తే మీ అమ్మని కూడా తీసుకొచ్చేస్తారనుకున్నా."

ఆయన అంత పిచ్చిగా ఆశపడ్డాడని నాకు తెలియదు. ఎముకలు తవ్వి తెచ్చుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలో కూడా తెలియదు. పాస్టరుగారిని అడిగితే, ఆ బురదలో ఇప్పుడేం దొరుకుతుందమ్మా అన్నారు. ఆ మాట నాన్నకి చెప్పలేదు. ఆయనే ఒకరోజు, "నన్ను మీ అమ్మ పక్కనే పెట్టండి. నీళ్ళైనా ఫరవాలేదు" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

ఆ వానాకాలంలోనే పోయాడు. పెద్దల దగ్గరికి వెళ్ళి ఆయన చివరి మాట చెప్పాను. వాళ్ళు నా మీద కోప్పడలేదు, బతిమాలారు. "అమ్మా, మొట్టమొదటి మనిషినే పాత దొడ్డిలో పెడితే, అక్కడ బాగానే ఉంది కదా అని ఈ చోటు లాగేసుకుంటారు. ఊరివాళ్ళు అందుకే చూస్తున్నారు. మీ నాన్నగారు తిరిగిన తిరుగుడంతా ఏవైపోతుంది?" అన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన భార్య మంచాన ఉంది. ఆయన నావైపు చూస్తూ ఉన్నాడంతే. సరేనండీ అన్నాను.

వాన పడుతూనే ఉంది. ఇసక మెరకలో గొయ్యి తవ్వారు. తవ్వినకొద్దీ పొడి ఇసక పక్కలనుంచి సన్నగా జారింది. అడుగున ఒక్క చుక్క నీరు లేదు. పెట్టె దింపగానే చప్పుడు చేస్తూ నేల మీద కూర్చుంది. ఆ చప్పుడు మా పేటవాళ్ళెవరూ అంతకుముందు వినలేదు. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరో "స్తోత్రం" అన్నారు. ఆ పెద్దాయన ముఖంలో నెమ్మది కనబడింది.

తర్వాత ఏడాది కాలవ పని మొదలైనప్పుడు ఆ షీటు మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది, కొత్త శ్మశానం గుర్తు వెయ్యమని. సరుగుడు తోటల పక్కన గుర్తు వేశాను. అమ్మ ఉన్న పాత దొడ్డి మీదనుంచి కాలవ కొత్త గట్టు గీత పోవాలి. వంపు బద్ద ఆనించి దాన్ని కూడా గీశాను. గీత నున్నగా వచ్చింది. హెడ్‌గారు వెలుతురులో పెట్టి చూసి ఏమీ అనలేదు. నేను ఆఫీసు పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో గట్టిగా ఏడ్చాను.